కర్మాగారంలో నిస్తంత్రి

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి కర్మాగారాలతో ఏమి పని అని ఈ వ్యాసం శీర్షిక చూసి మా సహాధ్యాపకులు కొందరు నవ్వవచ్చు. ఏ వస్తువు ఎక్కడ పుట్టినా అది మన గడప తొక్కేటప్పుడు ఒక మాటను వెంటబెట్టుకొని వస్తుంది. ఆ మాట మంచిచెడ్డలు విచారించడం భాషాబోధకుల పనే కదా! పైగా మా దగ్గర తెలుగు చదివి వెళ్ళిన పిల్లలలో పలువురు పాలిటెక్నిక్‌లలోనో ఐ.టి.ఐ.లలోనో చేరి, చివరకు ఏదో ఒక కర్మాగారంలో కుదురుకొంటున్నారు. అక్కడ వారి బ్రతుకు ఎలా ఉన్నదో తెలుసుకొనే హక్కు మాకు లేదనగలరా?

ముందుగా మాట సంగతి. ‘వైర్‌లెస్’ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో ‘నిస్తంత్రి’ అన్నారు. తంత్రి అంటే వీణకు బిగించే తీగ. అది లేనిది నిస్తంత్రి. ఉర్దూలో ‘లాసిల్కీ’ అంటారు. అరబ్బీలో ‘సిల్క్’ అంటే దారం, తీగ; ‘లా’ అంటే లేదని అర్థం. (ఆ సిల్కుకూ పట్టుచీరల సిల్కుకూ చుట్టరికం లేదని మా ఉర్దూ శాఖ మిత్రులు ప్రతి సంవత్సరం ఎవరో ఒక విద్యార్థికి చెప్పవలసి వస్తున్నదట.) మూడు భాషలూ ఆ వస్తువులో ఏది లేదో చెప్పి ఊరుకొన్నాయి. తీగ చేసిన పనిని ఇప్పుడు ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న మిగిలిపోయింది. ఇంట్లో అది పెద్ద ప్రశ్న కాదు. కర్మాగారంలో అదే అసలు ప్రశ్న.

సెల్‌ఫోనులో మాట తెగిపోతే ‘హలో, హలో’ అని రెండుసార్లు అరచి, కిటికీ దగ్గరికి పోయి, మళ్ళీ మొదలుపెడతాము. కర్మాగారంలో యంత్రం యంత్రంతో మాట్లాడుతుంది. రేకును అచ్చుమీద పెట్టిన యంత్రహస్తం ‘నేను పక్కకు తొలగాను’ అని చెప్పిన తరువాతనే ప్రెస్సు దిగాలి. ఆ మాట ఆలస్యమైతే పని ఆగుతుంది. తప్పుగా చేరితే చేయి నలుగుతుంది. ఆ చేయి యంత్రానిదే కావాలన్న నియమం లేదు.

విచిత్రమేమంటే, నిస్తంత్రి కబుర్లు మోయడం పూర్తిగా నేర్వకముందే పనులు చేసి చూపింది. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోసు అదృశ్య తరంగాలను గోడల గుండా పంపి, అవతల ఒక గంట మ్రోగించారు, మందుగుండు పేల్చారు. 1898లో న్యూయార్కులో నికొలా టెస్లా నీటితొట్టిలో ఒక చిన్న పడవను తీగ లేకుండా నడిపాడు. అయినా, క్రేన్ల వంటి కొన్నింటిని మినహాయిస్తే, కర్మాగారం ఆ తరువాత దాదాపు నూరేళ్ళు తీగనే నమ్ముకొన్నది. దీనిని చాదస్తమని తేల్చివేసేవారు ఉన్నారు. మేము వారితో ఏకీభవించము. ఆ సంకోచంలో వివేకం ఉన్నది.

పరిశ్రమలను స్థూలంగా రెండు జాతులుగా చెబుతారు. చక్కెర, సిమెంటు, పెట్రోలు వంటివి ప్రవాహంగా తయారవుతాయి. వాటిని తూచాలి, కొలవాలి. ట్రాక్టరు, సైకిలు, సీసా, సెల్‌ఫోను వంటివి ఒకటొకటిగా తయారవుతాయి, వాటిని లెక్కపెట్టాలి. మొదటి జాతిలో ఒక పెద్ద కాగులోని వేడి రెండు మూడు సెకనులలో మారిపోదు. అందుచేత తీగ లేని కొలత పరికరాలు అక్కడ త్వరగా కుదురుకొన్నాయి. 2007లో వైర్‌లెస్‌హార్ట్ అనే పద్ధతి వెలువడి, 2010 నాటికి అంతర్జాతీయ ప్రమాణమైంది. రెండవ జాతికి అంత ఓపిక లేదు. మూతలు బిగించే యంత్రం ముందు సీసాలు పరుగెత్తుతుంటాయి; కబురు రవంత ఆలస్యమైతే మూత లేని సీసా ముందుకు సాగిపోతుంది. అక్కడ కాలాన్ని సెకనులో వెయ్యో వంతుతో కొలుస్తారు.

1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థలో ఒక విభాగం వారు రిలేలతో నిండిన బీరువాలతో విసిగి, వాటికి బదులు మరొక సాధనం కావాలని కోరారు. 1969లో మోడికాన్ 084 అనే నియంత్రణ యంత్రం వచ్చింది. ఈనాడు మన పిల్లలు ‘పి.ఎల్.సి.’ అని నేర్చుకొంటున్నది దాని సంతానాన్నే. బీరువా లోపలి తీగలు దానితో తగ్గాయి. బయట సెన్సార్ల నుండి, స్విచ్చుల నుండి బీరువా దాకా వచ్చే తీగలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఆ తీగ ఎక్కడ ఓడిపోయిందో అక్కడే నిస్తంత్రికి చోటు దొరికింది. కదలని యంత్రానికి తీగను మించినది లేదు. కాని యంత్రహస్తం రోజుకు వేలసార్లు వంగి లేస్తుంది. దానితో పాటు కేబులూ వంగి లేస్తుంది. పైతొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగిపోగు తెగుతుంది. ఒకసారి అంటుకొని ఒకసారి విడిపోయే అటువంటి తీగను వెదకి పట్టుకోవడం ఎంత కష్టమో మెయింటెనెన్స్‌లో పనిచేసినవారిని అడగాలి. గిరగిర తిరిగే బల్లల మీది సెన్సార్లకు రాగి వలయాలూ బ్రష్షులూ పెట్టి కరెంటు అందించేవారు; బ్రష్షులు అరిగిపోయేవి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఏబీబీ సంస్థ ఇటువంటి చోట్ల కోసమే తీగ లేని సెన్సార్లను తయారుచేసింది. కబురుకు తీగ లేకపోయినా కరెంటుకు కావాలి కదా! బ్యాటరీలు పెడితే వందల సెన్సార్లకు వాటిని మార్చేదెవరు? వారు యంత్రం చుట్టూ తీగచుట్టలు అమర్చి, అయస్కాంత క్షేత్రం ద్వారా సెన్సార్లకు శక్తిని అందించారు. చూడముచ్చటైన ఉపాయం. అయితే తీగ లేని సెన్సారు కోసం యంత్రం చుట్టూ తీగ చుట్టవలసి వచ్చిందన్న సంగతి పాఠకులు గమనించకపోరు.

గాలి అందరిదీ. అదే చిక్కు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్, ఆయన సహచరులు దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపారు. వారి పద్ధతి సరళమైనది. చెప్పవలసినది ఉన్నవారు చెప్పేయడమే. ఇద్దరి మాటలు ఢీకొంటే ఎవరికి తోచినంతసేపు వారు ఆగి మళ్ళీ చెప్పడమే. అలా అందరూ మాట్లాడితే కాలంలో నూటికి 18 పాళ్ళకు మించి సద్వినియోగం కాదని లెక్క తేలింది. మా మొదటి సంవత్సరం తరగతిలో ఆ పాటి కూడా కాదేమో!

కర్మాగారానికి ఆ పద్ధతి పనికిరాదు. దానికి కావలసినది హాజరు పట్టీ. ఎవరి వంతు వచ్చినప్పుడు వారే పలకాలి. 2018లో వెలువడిన ఐఓ-లింక్ వైర్‌లెస్ పద్ధతిలో ఒక పెద్ద పరికరం 40 చిన్న పరికరాల హాజరును 5 మిల్లీసెకనులలో ముగిస్తుంది. ఎవరైనా పలకకపోతే ఆ గడువులోనే మరి రెండుసార్లు, వేరే పౌనఃపున్యాల మీద పిలుస్తుంది. ఇలా ఒక పౌనఃపున్యం నుండి మరొకదానికి గంతులు వేసే ఆలోచన 1942లో హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి పొందిన పేటెంటులో కనబడుతుంది. శత్రువు పసిగట్టకుండా టార్పెడోను నడిపించడానికి వారు 88 పౌనఃపున్యాలను సూచించారు. పియానో మెట్లు కూడా 88. సినిమాతార బుర్రలో నుండి ఇటువంటిది రావడమేమిటని ఆశ్చర్యపోయేవారు తమ ఆశ్చర్యాన్ని ఒకసారి పరీక్షించుకోవాలి.

వెల్డింగు మెరుపులే రేడియోకు పెద్ద శత్రువులని పలువురి నమ్మకం. వెల్డింగూ మోటార్లూ పుట్టించే రొద ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలోనే ఉంటుంది, 2.4 గిగాహెర్ట్‌జ్ దగ్గరకు వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. అక్కడ బాధపెట్టేవి రెండు. ఒకటి, అదే పౌనఃపున్యం మీద మాట్లాడే ఇతర రేడియోలు: ఆఫీసు వైఫై, కార్మికుల జేబులలోని ఫోనులు, క్యాంటీనులోని మైక్రోవేవ్ పొయ్యి. రెండవది ఇనుము. ఇనుపగోడలకు తగిలి తిరిగివచ్చిన తరంగం నేరుగా వచ్చిన తరంగంతో కలిసినప్పుడు, ఒకచోట అది దానిని బలపరుస్తుంది, మరొకచోట చంపుతుంది. ఆ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. అంటే యాంటెన్నాను బెత్తెడు జరిపితే చచ్చిన సంకేతం బ్రతకవచ్చు, బ్రతికినది చావవచ్చు.

ఈ బాధలు పడలేకనే పెద్ద పరిశ్రమలు తమకంటూ వేరే పౌనఃపున్యాలు కోరుకొన్నాయి. జర్మనీ ప్రభుత్వం 3.7 నుండి 3.8 గిగాహెర్ట్‌జ్ వరకు కర్మాగారాల వంటి స్థానిక అవసరాలకు కేటాయించి 2019 నుండి దరఖాస్తులు తీసుకొన్నది. 2020లో సిండెల్ఫింగెన్‌లో ప్రారంభమైన మెర్సిడెస్ వారి ఫ్యాక్టరీ 56లో సొంత 5జీ ఏర్పాటు ఉన్నది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీకి 2005లోనే లైసెన్సు అవసరం లేకుండా చేశారు. సంస్థలు సొంత నెట్‌వర్కులు పెట్టుకోవడానికి 2022లో నిబంధనలు వచ్చాయి. అమ్మేవారి కరపత్రాలు చదివితే రేపటికల్లా కర్మాగారాలన్నీ తీగలు తెంపుకొంటాయనిపిస్తుంది. తమంత తాము నడిచే బండ్లకు ఇది నిజంగా వరమే. కదలని యంత్రానికి ఉన్న తీగను పీకి రేడియో పెట్టడంలో ఔచిత్యం మాకు కనబడలేదు.

ఇంతవరకు పుస్తక జ్ఞానం. దీనిని సంపాదించుకోవలసిన అగత్యం మాకు ఎందుకు కలిగిందో ఇక చెబుతాము.

క్రిందటి సంవత్సరం మా పూర్వవిద్యార్థి ఒకతను మమ్మల్ని చూడవచ్చాడు. ఇంటర్మీడియట్ మా దగ్గర చదివి, తరువాత డిప్లొమా ముగించి, హైదరాబాదు శివారులోని ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ పనిలో చేరాడు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఉద్యోగం ఇంకా కాంట్రాక్టు పద్ధతిలోనే. చేతిలో నలభై పుటల ఇంగ్లీషు పుస్తకం. షెడ్డులోని క్రేనుకు కొత్తగా రేడియో పెట్టె పెట్టారట. దాని వాడకాన్ని ఒక్క కాగితం మీద తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి గోడకు తగిలించమని పైవారు చెప్పారట. ‘సార్, డిక్షనరీ చూసి రాస్తే మా వాళ్ళకు అర్థం కావడం లేదు’ అన్నాడు. వస్తువును చూడకుండా వ్రాయలేమని చెప్పి, మా ఉర్దూ శాఖ మిత్రుని కూడా వెంటబెట్టుకొని ఒక ఆదివారం వెళ్ళాము.

పొడవాటి షెడ్డు. ఒక పక్క రేకులు వంచే ప్రెస్సులు, మరొక పక్క మనిషి ఎత్తున రేకుల కట్టలు, పైన క్రేను. పూర్వం క్రేను నుండి ఒక కేబులు వ్రేలాడుతుండేది. దాని చివర బటన్ల పెట్టె. నడిపే మనిషి ఆ కేబులు పొడవుకు కట్టుబడి, బరువు పక్కనే, కొన్నిసార్లు దాని క్రిందనే నడవవలసి వచ్చేది. ఇప్పుడు నడుముకు పెట్టె కట్టుకొని పది అడుగుల దూరంలో నిలబడి, బరువును నాలుగు వైపుల నుండి చూసుకొంటూ నడుపుతున్నాడు. తీగ పోయినందువల్ల కలిగిన మేలును మేము కళ్ళారా చూశాము. దానిని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు.

పెట్టె మీద పుట్టగొడుగు వంటి ఎర్ర బటన్ ఉన్నది. ప్రమాదం వస్తే దానిని ఒత్తాలి. తీగ ఉన్న రోజులలో ఆ బటన్ గుండా కరెంటు ఎప్పుడూ ప్రవహిస్తూ ఉండేది. ఒత్తితే ప్రవాహం తెగి యంత్రం ఆగేది. తీగను ఎలుక కొరికినా ప్రవాహం తెగేది. అప్పుడూ యంత్రం ఆగేది. ఆపమని చెప్పడానికి మాట అక్కరలేదు, మౌనమే చాలు. పూర్వపు ఇంజనీర్ల ఈ ఉపాయం ముందు మా అలంకారశాస్త్రం తల వంచుతుంది. రేడియోలో కూడా ఆ ఉపాయాన్నే నిలుపుకొన్నారు. పెట్టె ‘ఉన్నాను, ఉన్నాను’ అని సెకనుకు ఎన్నోసార్లు పలుకుతూనే ఉంటుంది. నిర్ణీతమైన గడువులో ఆ పలుకు వినబడకపోతే క్రేను తనంత తాను ఆగుతుంది.

చిక్కంతా ఆ గడువులోనే వచ్చింది. కొత్త పెట్టె పెట్టిన నెలలో క్రేను షిఫ్టుకు అయిదారుసార్లు ఊరకే ఆగిపోయేదట. పని పోతున్నదని పైవారికి కోపం. బరువు గాలిలో వ్రేలాడుతుంటే క్రింద నిలబడినవారికి భయం. ‘ఆ గడువును కాస్త పెంచు, గోల వదులుతుంది’ అని ఒక అధికారి మా విద్యార్థికి నోటిమాటగా చెప్పాడు. కాగితం మీద వ్రాసి ఇవ్వలేదు. కాంట్రాక్టు మీద ఉన్న కుర్రవాడికి అటువంటి మాట ఆజ్ఞే. అతడు గడువు ముట్టుకోలేదు. ఒక కాగితం మీద లెక్క వేసి తీసుకుపోయాడు. క్రేను నిమిషానికి 40 మీటర్లు నడిస్తే, గడువులో పెంచిన ఒక్కొక్క సెకనుకు బరువు సుమారు 67 సెంటీమీటర్లు అదనంగా పోతుంది. మనిషికీ గోడకూ మధ్య అంత చోటు ఎక్కడ ఉన్నదో చూపించమని అడిగాడట. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకొని ఉన్నాడు, మాకు చూపించాడు. అంకెలు వంకరగా ఉన్నాయి గాని లెక్క సరిగానే ఉన్నది.

తరువాత రెండు రాత్రులు కూర్చొని కారణం వెదికాడు. కొత్త సరుకు వచ్చినప్పుడు రేకుల కట్టలు యాంటెన్నా ఎత్తుకు లేస్తున్నాయి. సూపర్వైజరు గదిలో అదే నెలలో పెట్టిన వైఫై పెట్టె అదే పౌనఃపున్యం దగ్గర మాట్లాడుతున్నది. యాంటెన్నాను కట్టలకు అందనంత పైకి బిగించి, వైఫై పెట్టె చానలు మార్చిన తరువాత ఆగడం దాదాపు పోయింది. అదే అధికారి ఇప్పుడు ఈ సంగతిని తన సొంత విజయంగా చెప్పుకొంటున్నాడని విని మేము నవ్వుకొన్నాము. మా విద్యార్థి నవ్వలేదు.

ఇంతలో క్రేను నడిపే పెద్దమనిషి, యాభై దాటిన వయస్సు, మా దగ్గరికి వచ్చి బల్లమీద ఉన్న రెండవ పెట్టెను చూపించాడు. అది అదనపు పెట్టె. మొదటిది చార్జింగులో ఉన్నప్పుడు వాడుకొనేది. ఆ సమయంలో అందులో బ్యాటరీ లేదు. దాని మీద కూడా అదే ఎర్ర బటన్. ‘ఎర్రగున్నదంటే పనిచేస్తదనే కద సారూ! ఎవడన్న ఉరికొచ్చి దీన్నే ఒత్తితే?’ అన్నాడు.

ఆ ప్రశ్న విన్న తరువాత ఇల్లు చేరేదాకా మాకు మరొకటి తోచలేదు. తీగకు వ్రేలాడే బటన్ ఏ యంత్రానిదో తీగే చెప్పేది. తీగ పోయాక బల్లమీద పడి ఉన్న ఎర్ర బటన్ ఎవరి మాట పలుకుతుంది? బ్రతికిన బటనూ చచ్చిన బటనూ ఒకే రంగు వేసుకొన్నాయి. తరువాత వెదికితే ఆ పెద్దమనిషి శంక అంతర్జాతీయ ప్రమాణంలోనే కనబడింది. అత్యవసరంగా ఆపే సాధనాల గురించిన ఐఎస్ఓ 13850 ప్రమాణం 2015 నాటి కూర్పులో, పనిచేస్తున్న బటన్‌కూ పనిచేయని బటన్‌కూ మధ్య గందరగోళం రాకుండా ఏర్పాటు ఉండాలని చెప్పారు. పనిచేస్తున్నప్పుడే ఎర్రని వెలుగు రావడం, పనిచేయనప్పుడు దానిని కప్పివేయడం, విప్పి పెట్టిన పెట్టెను ఎవరికీ అందకుండా దాచడం వంటివి మార్గాలు. ఆ క్రేను మనిషి ఏ ప్రమాణమూ చదవలేదు.

కాగితం వ్రాయడానికి మాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. ‘సంబంధము విచ్ఛిన్నమైనచో క్రేను స్వయముగా నిలిచిపోవును’ అని మా విద్యార్థి మొదట వ్రాసుకొన్నది వ్యాకరణరీత్యా నిర్దోషమే. చదివి వినిపిస్తే కార్మికులు ‘ఎవరి సంబంధం?’ అని అడిగారట. తీగే లేనప్పుడు తెగేది ఏమిటి? చివరకు ఇలా వ్రాశాము: ‘పెట్టె మాట క్రేనుకు వినబడకపోతే క్రేను తనంత తానే ఆగుతుంది. అది చెడిపోవడం కాదు. బరువు క్రిందికి ఎవరూ పోవద్దు. మెయింటెనెన్స్ వారిని పిలవండి.’ ఉర్దూ మిత్రుడు మాకంటే రెండు పంక్తులు తక్కువలో అదే సంగతి చెప్పాడు. ‘ఖామోష్’ అన్న ఒక్క మాట ఆయనకు ఎంతో పని చేసిపెట్టింది. ‘చెడిపోవడం కాదు’ అన్న వాక్యాన్ని తీసివేసి ‘సాంకేతిక కారణాల వల్ల’ అని పెట్టమని అక్కడి వారు కోరారు. మేము ఒప్పుకోలేదు. ఆగిన యంత్రాన్ని చెడిన యంత్రమనుకొన్న మనిషే దానిని ఎలాగైనా నడిపించాలని చూస్తాడు.

రెండవ పెట్టె కోసం గోడకు ఒక ఇనుప అర బిగించారు. తాళం కూడా వేశారు. మా రెండు కాగితాలు దాని పక్కనే ఉన్నాయి. తాళంచెవి పగలు స్టోరు గుమాస్తా దగ్గర ఉంటున్నది. రాత్రి షిఫ్టులో స్టోరు మూసి ఉంటుంది కనుక అది ఎవరి దగ్గర ఉండాలన్నది మేము చివరిసారి వెళ్ళిన నాటికి ఇంకా తేలలేదు.